ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకునే పగులు

మా నాన్న పడుకునే గదిలో కిటికీ కింది మూల దగ్గర మొదలై ఇటుకల సందుల్లోంచి మెట్లు మెట్లుగా నేల దాకా దిగే పగులు ఒకటుంది. దానికి ఇప్పటికి నాలుగు సార్లు లప్పం పెట్టించాం. మూడోసారి పెయింటర్ మెష్ కూడా అతికించి "ఈసారి గ్యారంటీ సార్, ఇగ రాదు" అన్నాడు, వానలు పడ్డన్ని రోజులు నిజంగానే రాలేదు, ఉగాది దాటి ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున చూస్తే మెష్‌తో సహా చీరుకుని ఉంది. నాన్న పెయింటర్‌కి ఫోన్ చేసి "నీ గ్యారంటీ విచ్చుకుంది నాయనా" అని పెట్టేశాడు.

ఇల్లు శంకర్‌పల్లి వైపు. 2011లో నాన్న రిటైర్మెంట్ డబ్బుతో 200 గజాల ప్లాట్‌లో కట్టించిన ఒక్క అంతస్తు ఇల్లు, పిల్లర్లు, వాటి కింద ఐదడుగుల లోతున పునాది దిమ్మలు, అంటే ఫుటింగులు, చూడ్డానికి అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. లేఅవుట్ కాకముందు అది పత్తి చేను. ప్లాట్ అమ్మినాయన ఆ మాట గొప్పగా చెప్పాడు, "బంగారం లాంటి భూమి సార్, పత్తి విరగ కాసేది" అని, మేం కూడా మురిసిపోయాం. పత్తి విరగ కాసే నల్లరేగడిలో ఇల్లు ఎట్లా నిలబడుతుంది అని అడగాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. టేకు తలుపులకి లక్షలు పోసిన ఇంట్లో మట్టి టెస్టుకి మాత్రం ఒక్క రూపాయి పోలేదు, ఎందుకంటే మట్టి టెస్టు అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు చేయించుకునేదని మేస్త్రి చెప్పాడు, మేం నమ్మాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా కాలనీలోనే కాదు మొయినాబాద్, చేవెళ్ల, సదాశివపేట దాకా ఎక్కడ చూసినా ఇప్పుడు విల్లాలు లేస్తున్నాయి, వాటిలో చాలావాటికి మా గోడకొచ్చిన రోగమే రాబోతుంది, అప్పుడు రిపేర్ పేరుతో రకరకాల వాళ్లు ఇంటికొస్తారు. నా వాదన ఒక్కటే. రేగడి మీద ఇల్లు పగిలితే మొదటి రూపాయి నీళ్లని అదుపు చెయ్యడం మీద పెట్టండి, సిమెంట్ సంగతి తర్వాత. ఒక ఏడాది పగులుని కొలవకుండా గ్రౌటింగ్ (నేలలోకి సిమెంట్ పాలు ఎక్కించడం), జాకెటింగ్ (పిల్లర్ చుట్టూ కాంక్రీట్ తొడుగు వెయ్యడం), అండర్‌పిన్నింగ్ (పునాదిని ఇంకా లోతుకి దించడం) ఏదీ ఒప్పుకోకండి. నేను సివిల్ ఇంజనీర్ని కాను. నాలుగు లప్పాలు, లేచిపోయిన హాలు టైల్స్, చేతిలో పెట్టిన 3 లక్షల 80 వేల కొటేషన్, ఇవే నా చదువు.

హైదరాబాద్ వాళ్లకి ఫౌండేషన్ అంటే భయం ఉండదు, దానికి కారణం ఉంది. ఊరు కూర్చున్నదే గ్రానైట్ మీద, 250 కోట్ల ఏళ్ల నాటి బండ, జూబ్లీహిల్స్‌లో అయితే ఫుటింగ్ తవ్వడమే కష్టం, బండ పగలగొట్టే ఖర్చు గురించే గొడవ. ఆ బండ ఊళ్లో పని నేర్చిన మేస్త్రులే పడమటి వైపు వచ్చి ఇళ్లు కడుతున్నారు, "ఐదు ఫీట్లు తీస్తే చాలు సార్, మొరం తగుల్తది" అంటారు. మొరం తగిలిన చోట వాళ్ల మాట కరెక్టే. కానీ వికారాబాద్ వైపు పోయేకొద్దీ దక్కన్ లావా రాయి మొదలవుతుంది, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పొంగి గడ్డకట్టిన రాయి, అది అరిగి అరిగి నల్లరేగడి అయింది. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో అయితే ఒకే క్యాంపస్‌లో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఉన్నాయి, అంటే రోడ్డుకి ఇటు ఒక నేల, అటు ఒక నేల ఉండొచ్చన్నమాట. ఊరి మధ్యలో కూడా పాత చెరువు శిఖం భూముల్లో నల్ల బంక మట్టి తగులుతుంది. పక్కింటాయన ఫౌండేషన్ చూసి మన ఫౌండేషన్ డిసైడ్ చెయ్యడం అంటే పక్కింటాయన కళ్లజోడు పెట్టుకోవడం లాంటిదే.

నాకు అనుమానం మొదలైంది 2020లో. ఆ అక్టోబర్ 13 రాత్రి పడ్డ వాన హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరు. మా ఇంటి చుట్టూ మూడు రోజులు నీళ్లు నిలబడ్డాయి, గది తలుపు పట్టేసింది, భుజంతో తోస్తే గానీ పడటం లేదు, కానీ ఆ పగులు మాత్రం దాదాపు మాయమైంది. గోరు పెట్టినా దిగడం లేదు. నాన్న "నేల సర్దుకుంది రా, అయిపోయింది" అని సంబరపడ్డాడు. మరుసటి ఏడాది మే నెలకి అందులో రూపాయి బిళ్ల నిలువుగా దూరింది. ఇల్లు కుంగిపోతుంటే పగులు పెరుగుతూ పోవాలి గానీ, ఇట్లా తెరుచుకుని మూసుకుని తెరుచుకోవడం ఏంటి? గోడ ఊపిరి పీలుస్తున్నట్టు.

అప్పుడు చేసిన మొదటి తెలివైన పని, పగులుకి రెండు పక్కలా గోడలో రెండు చిన్న స్క్రూలు దిగ్గొట్టి, ఆన్‌లైన్‌లో కొన్న డిజిటల్ కాలిపర్‌తో (మిల్లీమీటర్‌లో వంతులు కూడా కొలిచే పరికరం) ప్రతి నెల ఒకటో తారీఖున వాటి మధ్య దూరం కొలవడం. పగులు చివర్లో పెన్సిల్ గీత, పక్కన తేదీ. ఈ డ్యూటీ నాన్న తీసుకున్నాడు, ఆఫీసులో రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా, ఒక్క నెల తప్పలేదు. 2021 మేలో పగులు 4.6 మిల్లీమీటర్లు, సెప్టెంబర్ ఆఖరికి 1.8, 2022 మేలో మళ్లీ 4.7. ఆ మూడు అంకెలు నాకు చెప్పినంత ఏ ఎక్స్‌పర్టూ చెప్పలేదు. కుంగడం అయితే ఒకవైపే పోతుంది. ఇది నీళ్లతో పాటు వచ్చి నీళ్లతో పాటు పోతోంది.

ఇంకో పని, మట్టి టెస్టు, పదేళ్లు లేటుగా. దీన్ని ఫ్రీ స్వెల్ టెస్ట్ అంటారు, మన ఇండియన్ స్టాండర్డ్‌లో ఐఎస్ 2720లో 40వ భాగం. ఇంత సింపుల్ టెస్టు ఉందని తెలిస్తే ప్లాట్ కొనేముందే చేయించేవాళ్లం. ఎండబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాములు ఒక గాజు కొలజాడీలో, ఇంకో 10 గ్రాములు ఇంకోదాంట్లో. ఒకదాంట్లో నీళ్లు పోస్తారు, రెండోదాంట్లో కిరోసిన్. ఒక రోజంతా కదపకుండా వదిలేస్తారు. రేగడిలో ఉండే మోంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది, నీళ్లు ఆ పొరల మధ్యకి దూరి వాటిని విడదీస్తాయి, కిరోసిన్‌కి ఆ శక్తి లేదు. అందుకే కిరోసిన్‌లో మట్టి బుద్ధిగా అడుగున కూర్చుంటుంది, నీళ్లలోది ఉబ్బుతుంది. మా మట్టి కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్ల దగ్గర ఆగింది, నీళ్లలో 23 దాకా పొంగింది. అంటే 109 శాతం. 50 దాటితేనే జాగ్రత్తపడాలి, 100 దాటితే క్రిటికల్ కింద లెక్క. ల్యాబ్‌లో ఆ రెండు జాడీలు పక్కపక్కన పెట్టి చూపిస్తే నాన్న చాలాసేపు వాటినే చూస్తూ నిలబడి, "మన ఇల్లు ఈ నీళ్ల సీసా మీద ఉందా" అన్నాడు.

మే నెలలో గోడ బయట ఒక గుంత తవ్వించాం. ఎండ తగిలే పడమటి మూల దగ్గర గడ్డపార దెబ్బకి మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచింది, ఒక్కో పెళ్ల రాయి లాగా ఉంది, కిందపడేస్తే ఖంగుమంటుంది. నెర్రెల్లోకి కొబ్బరి ఈనె దింపితే మూడడుగులు దిగింది. అదే ఇంటికి రెండో పక్క, బాత్‌రూమ్ మూల దగ్గర తవ్వితే, అదే మే నెలలో, అదే ఎండలో, మట్టి ముద్దలా ఉంది, పారకి అంటుకుని ఊడటం లేదు, కూలీ చెప్పులు వదిలేసి వట్టి కాళ్లతో దిగాడు. అంటే ఒక మూల ఎండి కుంచించుకుపోయి ఫుటింగ్ కిందికి దిగుతోంది, ఇంకో మూల తడికి ఉబ్బి పైకి తోస్తోంది, మధ్యలో గోడ ఎటూ కాక చీరుకుంటోంది. బాత్‌రూమ్ నీళ్లు బయట డ్రైనేజ్‌లోకి దిగే గల్లీ ట్రాప్ కింద జాయింట్ ఎన్నేళ్ల నుంచి కారుతుందో దేవుడికే తెలియాలి. (అంతకుముందు ఒక వాస్తు ఆయన వచ్చి బాత్‌రూమ్ మూలలోనే దోషం ఉందని చెప్పి వెయ్యినూటపదహార్లు తీసుకున్నాడు. కారణం ఏదైనా చోటు మాత్రం కరెక్టుగా చూపించాడు, అందుకే ఆ డబ్బుల గురించి నేను పెద్దగా బాధపడను.)

నాన్నకి ఒక అనుమానం తీరేది కాదు, పక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కి ఏమీ కాలేదు, మన చిన్న ఇల్లే ఎందుకు పగిలింది, మేస్త్రి సిమెంట్ తిన్నాడా అని. తిన్నాడో లేదో గానీ అసలు సంగతి తిరగేసి ఉంది. రేగడికి బరువైన బిల్డింగ్ కంటే తేలిక ఇల్లంటేనే లోకువ. మట్టి ఉబ్బి పైకి నెట్టే ఒత్తిడి ఇల్లు కిందికి మోపే ఒత్తిడి కంటే ఎక్కువైతే ఇల్లే లేస్తుంది. అందుకే ఇట్లాంటి నేలల్లో ముందు పగిలేది కాంపౌండ్ గోడ, తర్వాత పోర్టికో మెట్లు, తర్వాత ఒక్క అంతస్తు ఇళ్లు. హాల్లో మా టైల్స్ మధ్యలో పొట్ట ఉబ్బినట్టు లేచి ఒక రాత్రి టప్పుమని పగిలాయి, నిద్రలోంచి లేచి దొంగలనుకున్నాం. అది మాత్రం నేరుగా మేస్త్రి తప్పే, ఫుటింగులకి తవ్వి తీసిన రేగడినే మళ్లీ బేస్‌మెంట్‌లో నింపేశాడు, నాలుగు ట్రిప్పుల మొరం డబ్బులు మిగిల్చాడు.

ఇప్పుడు ఆ 3 లక్షల 80 వేల సంగతి. వచ్చినాయన మర్యాదస్తుడే, చేతిలో ట్యాబ్, రంగు రంగుల ఫోటోలు. పగులు చూసి అరగంటలో తేల్చేశాడు, "సాయిల్ వీక్ ఉంది సార్, సిమెంట్ గ్రౌట్ ఇంజెక్ట్ చేద్దాం, పిల్లర్లకి జాకెటింగ్ చేద్దాం." ఏ నెలలో పగులు ఎంత ఉందని అడగలేదు, నీళ్ల పైపులు ఎక్కడున్నాయని అడగలేదు. అసలు ఇసుకలోకో రాళ్ల సందుల్లోకో సిమెంట్ పాలు ఎక్కుతాయి గానీ బంకమట్టిలోకి ఎక్కవు, దాని సందులు సిమెంట్ రేణువు కంటే చిన్నవి, ఒత్తిడి పెడితే దొరికిన నెర్రెలో దూరి అక్కడ పలకలా గడ్డకడుతుంది, చుట్టూ ఉన్న మట్టి మాత్రం ఎప్పటిలాగే ఉబ్బుతుంది, ఎండుతుంది. జాకెటింగ్ అయితే ఇంకా విచిత్రం. పిల్లర్‌కి రోగం లేదు, రోగం దాని కాళ్ల కింద ఉంది. మోకాలికి దెబ్బ తగిలితే బోడిగుండుకి మందు రాసినట్టు.

లప్పం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇది మేమే చేతులారా చేసిన తప్పు. పగులు బాగా తెరుచుకున్నప్పుడే కంట్లో పడుతుంది కాబట్టి అందరూ మే నెలలోనే దాన్ని గట్టి పదార్థంతో నింపుతారు. వానలొచ్చాక గోడ వెనక్కి దగ్గరవ్వాలని చూస్తుంది, మధ్యలో ఈ గట్టి ముక్క అడ్డం. దాంతో ఒత్తిడి పక్కకి పోయి కొత్త చోట పగులుతుంది లేదా ప్లాస్టర్ ఉబ్బి రాలుతుంది. ఏటా ఇట్లా నింపుకుంటూ పోతే గోడ తన చోటుకి తను ఎప్పటికీ రాదు. కదలిక తగ్గాక, సాగే సీలెంట్‌తో నింపాలి, అప్పటిదాకా పగులుని పగులులా వదిలెయ్యడమే వైద్యం. ఇది ఇంట్లో ఆడవాళ్లని ఒప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా అమ్మ ఇప్పటికీ నన్ను పిసినారి అనే అనుకుంటోంది.

మేం చేసిన పనులు చెప్తాను, ఒక్కటీ గొప్పగా కనిపించేది కాదు. ముందు డ్రైనేజ్ ఛాంబర్లకి గుడ్డలు కుక్కి నీళ్లు నింపి, మట్టం దగ్గర సుద్దగీత పెట్టి రాత్రంతా వదిలేశాం, పొద్దున్నకి బాత్‌రూమ్ ఛాంబర్ జానెడు దిగింది, లీకు అక్కడే దొరికింది. సంప్ కూడా అట్లాగే చూశాం, అది బాగానే ఉంది. తర్వాత ఇంకుడు గుంత. నీళ్లు భూమిలోకి ఇంకాలి అని అందరూ చెప్తారు, మంచిదే, కానీ మా ఇంకుడు గుంత పిల్లర్‌కి మూడడుగుల దూరంలో ఉంది, మేడ మీద పడ్డ వాన మొత్తం పైపులోంచి నేరుగా దాంట్లోకి, అంటే మేమే ఏటా ఫుటింగ్‌కి స్ట్రా పెట్టి నీళ్లు తాగిస్తున్నాం. పైగా రేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు, వారాల తరబడి నిలబడి పక్కలకి పాకుతాయి. దాన్ని పూడ్చి గేటు పక్కన, ఇంటికి వీలైనంత దూరంగా కొత్తది తీయించాం.

ఆ తర్వాత అసలు పని. ఇంటి చుట్టూ ఐదడుగుల వెడల్పున పైమట్టి తీసేసి, మొరం పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి, మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, పైన కాంక్రీట్, గోడ నుంచి బయటికి రెండంగుళాల వాలు. దీన్ని ప్లింత్ ప్రొటెక్షన్ అంటారు, మామూలుగా జనం రెండడుగులు వేసి మమ అనిపిస్తారు, పైగా గోడకి అతికించి పోస్తారు, అది కదిలినప్పుడు గోడని లాగుతుంది. గోడకి దానికి మధ్య వేలెడు సందు వదిలి తారు సీలెంట్ నింపాలి. మేస్త్రి మొరం బదులు ఇసుక నింపుదాం అన్నాడు, "ఇసుక ఉబ్బదు కదా సార్". ఉబ్బదు నిజమే, కానీ బంకమట్టి గుంతలో ఇసుక నింపితే అది బకెట్టే, ఎక్కడెక్కడి నీళ్లో అందులోకి చేరి ఫుటింగ్ పక్కనే తిష్ట వేస్తాయి. ఉబ్బకూడదు, నీళ్లని సులువుగా పోనివ్వకూడదు, రెండు గుణాలూ ఒకే మట్టి పొరలో ఉండాలి, ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కట్టి ఈ సీఎన్ఎస్ (బంకగా ఉండి ఉబ్బని మట్టి) పొర పద్ధతిని తేల్చి చెప్పి దశాబ్దాలైంది. మా కాలనీకి ఇంకా రాలేదంతే.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా మేనత్త కొడుకు ఉంటాడు. ఈ కథంతా ఫోన్లో చెప్తే "బావా, మా ఇంటి చుట్టూ నేను ఎండాకాలం సోకర్ హోస్, అదే ఒళ్లంతా నీళ్లు చెమర్చే పైపు, పెట్టి పునాదికి నీళ్లు పడతా, ఇక్కడ అందరూ పడతారు" అన్నాడు. నేను నవ్వాను, పునాదికి నీళ్లు పట్టడమేంటని. తర్వాత ఆలోచిస్తే అదీ ఇదీ ఒకటే సూత్రం. అక్కడా ఇట్లాంటి బంకమట్టే, ఇళ్లు ఎక్కువగా నేల మీద పరిచిన కాంక్రీట్ స్లాబ్ మీద ఉంటాయి, తడి ఎక్కువైనా తక్కువైనా కాదు, తడి మారడమే జబ్బు, అందుకే ఎండిపోకుండా చూస్తారు. మనకి మాత్రం ఆ పద్ధతి నేను చెప్పను. మన దగ్గర మేలో తాగడానికి ట్యాంకర్ పిలుస్తూ పునాదికి నీళ్లు పడితే వీధిలో వాళ్లు కొడతారు, పైగా ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ పడితే మొదటికే మోసం. మనకి చవకైంది కప్పి ఉంచడమే.

ఇంక కానుగ చెట్టు. పడమటి గోడకి ఆరడుగుల దూరంలో నాన్న స్వయంగా పెట్టింది, ఇప్పుడు మేడ దాటి పెరిగింది. ఎండాకాలం ఆ మూల నేల అంత లోతుగా ఎండిపోవడంలో దాని వాటా ఖచ్చితంగా ఉంది. కొట్టేద్దామంటే నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత చదివితే తెలిసింది, ఇన్నేళ్లు చెట్టు పీల్చి ఎండబెట్టిన మట్టి, చెట్టు ఒక్కసారిగా పోతే మెల్లగా తడి పట్టి ఉబ్బడం మొదలుపెడుతుందట, అప్పుడు ఇల్లు ఇంకోవైపు లేస్తుంది. కాబట్టి ఏటా కొమ్మలు మూడో వంతు తగ్గిస్తున్నాం, గోడ వైపు నాలుగడుగుల లోతున మందపాటి షీటు అడ్డం దింపాం. ఈ ఒక్క విషయంలో నాన్న మొండితనమే నన్ను కాపాడింది, ఆయనకి ఈ మాట ఇంకా చెప్పలేదు.

ఇదంతా చదివి ప్రతి పగులుకీ ఏడాది ఆగమంటున్నాను అనుకోవద్దు. బీమ్‌లో గానీ పిల్లర్‌లో గానీ పగులు వస్తే, రాడ్లు కనపడి తుప్పు కారుతుంటే, గోడ ఒకవైపు ఒరుగుతుంటే, కాలంతో సంబంధం లేకుండా నెల నెలా పెరుగుతూనే పోతుంటే, కాలిపర్ పక్కన పడేసి స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలవండి, రిపేర్ అమ్మేవాళ్లని కాదు, ఫీజు తీసుకుని చూసి చెప్పేవాళ్లని. అండర్‌పిన్నింగ్ నిజంగా అవసరమయ్యే ఇళ్లు ఉన్నాయి. అయితే అది ఫుటింగుని తడి మారని లోతు దాకా దించే పని, నాలుగడుగుల ముక్క తవ్వి, పోసి, గట్టిపడ్డాక ఒకటి వదిలి ఒకటి చొప్పున ఇంకో ముక్క తవ్వాలి, తొందరపడి వరసగా తవ్వితే గోడ మీద పడుతుంది. ఒక మూలకే చేసి మిగతా ఇంటిని పాత లోతులో వదిలేస్తే, ఆ మూల కదలదు, మిగతాది కదులుతుంది, పగులు ఇంకో చోటుకి మారుతుంది. డబ్బులు సగమే ఉన్నాయి కాబట్టి సగం ఇంటికి చేయిద్దాం అనే ఆలోచన అందుకే నచ్చదు నాకు.

కొత్తగా కట్టుకునేవాళ్లకైతే ఈ బాధే లేదు, దారి ఎప్పుడో వేసి పెట్టారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు 1950ల్లోనే రేగడి కోసం అండర్ రీమ్డ్ పైల్ పద్ధతి తయారుచేశారు. అడుగు వెడల్పు బోరు, దాదాపు మూడున్నర మీటర్ల లోతు, అడుగున దాన్ని రెండున్నర రెట్లు వెడల్పు చేసి ఉల్లిగడ్డ లాగా ఉబ్బించి కాంక్రీట్ పోస్తారు, పైనున్న మట్టి ఎంత ఉబ్బినా ఆ ఉల్లిగడ్డ కింద కదలని మట్టిలో ఇరుక్కుని ఉంటుంది. పైన బీమ్‌కి నేలకి మధ్య మూడు నాలుగంగుళాల ఖాళీ వదులుతారు, మట్టి లేచినా బీమ్‌కి తగలకుండా. "పైల్స్ పెద్ద బిల్డింగులకే సార్" అనే మేస్త్రికి, ఇది పుట్టిందే చిన్న ఇళ్ల కోసమని చెప్పండి.

మా పనులు 2022 జూన్‌లో వానల ముందు అయిపోయాయి, మొత్తం ఖర్చు ఆ కొటేషన్‌లో సగం కూడా కాలేదు. 2023 మేలో పగులు 3.1, 2024 మేలో 2.3. బాత్‌రూమ్ కింద ఏళ్ల తడి ఆరడానికి టైం పడుతుంది కాబట్టి ఇంకా తగ్గుతుందని నా ఆశ, అమ్మకి అంత ఓపిక లేదు. చెల్లి కూతురి ఓణీల ఫంక్షన్‌కి చుట్టాలొస్తున్నారు, గోడ అట్లా ఉంటే పరువేం కావాలి అని లప్పం పెట్టేవాణ్ణి పిలవబోతే నాన్న, నేను కలిసి అడ్డుపడ్డాం. చివరికి రాజీ కుదిరింది, పగులు మీద బ్యాంకు వాళ్లిచ్చిన పెద్ద క్యాలెండర్ వేలాడదీశాం. ఒకటో తారీఖున నాన్న దాన్ని పక్కకి జరిపి కొలిచి, ఆ నెల కాగితం వెనకే అంకె రాస్తున్నాడు. మేకు మాత్రం పగులుకి జానెడు దూరంలో కొట్టించాను.